బస్తర్ నుంచి విశాఖకు: రైలు దిగే వేళను బట్టే లాడ్జి

జగదల్‌పూర్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లే కుటుంబం లాడ్జి వెతుక్కునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూసేది, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఒకటే: రాత్రికి ఇంత అని ఫోన్‌లో కనిపించే అద్దె. ఆ అంకె అబద్ధం కాదు. కానీ మీరు ఏ వేళకు ఊళ్లో దిగుతారో, ఏ వేళకు తిరుగురైలు ఎక్కుతారో, ఊళ్లో మీ పని ఏ మూలన ఉందో దానికి తెలియదు. ఈ మూడూ కలిశాక చివరికి జేబులోంచి పోయే మొత్తం ఒక్కోసారి ఆ అంకెకు మూడింతలవుతుంది. కాబట్టి లాడ్జి ఎంపిక అద్దెతో కాదు, రైల్వే టైం టేబుల్‌తో మొదలు కావాలన్నది ఈ వ్యాసం వాదన.

బస్తర్ అంతటికీ ఇది వర్తించదని ముందే చెప్పాలి. 1998కి ముందు ఒకే జిల్లాగా ఉన్నప్పుడు బస్తర్ వైశాల్యంలో కేరళను కొద్దిగా మించేది. ఇప్పుడది ఏడు జిల్లాల డివిజన్. తెలుగు ఇంటిభాషగా వినిపించే కోంటా వైపు వాళ్లకు పనిబడితే భద్రాచలం దగ్గర. భోపాలపట్నం వాళ్లకు గోదావరి దాటితే వరంగల్ దారి. సముద్రతీర నగరం అవసరమయ్యేది ప్రధానంగా జగదల్‌పూర్, దంతెవాడ, ఎన్‌ఎండీసీ గనుల టౌన్‌షిప్పులైన బచేలి, కిరండూల్ జనానికి. జగదల్‌పూర్ నుంచి అటు ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్, ఇటు విశాఖ రోడ్డు మీద ఇంచుమించు సమాన దూరమే, మూడు వందల కిలోమీటర్ల చిల్లర. పెద్ద వైద్యం, పిల్లల చదువు, పెళ్లి బట్టలు, సముద్రం చూడాలన్న కోరిక, వీటిలో చాలావాటికి వాళ్లు విశాఖ వైపే మొగ్గుతారు.

ఆ మొగ్గుకు దారి చూపింది ఇనుప ఖనిజం. బైలాడిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. తూర్పు కనుమల మీదుగా డజన్ల కొద్దీ సొరంగాలతో, శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగే దారి ఇది. గూడ్సు కోసం పుట్టిన లైను కావడంతో ప్రయాణికుల బళ్లకు అందులో ఎప్పుడూ రెండో స్థానమే. జగదల్‌పూర్ నుంచి బయల్దేరే హిరాఖండ్, సామలేశ్వరి లాంటివి రాయగడ మీదుగా వెళ్లిపోతాయి, విశాఖలో అడుగుపెట్టవు. కిరండూల్, విశాఖల మధ్య రోజూ తిరిగేవి ప్రధానంగా రెండు జతలు. ఒకటి పగటి ప్యాసింజర్: పొద్దున్నే కిరండూల్‌లో బయల్దేరి రాత్రి ఎనిమిది దాటాక విశాఖ చేరుతుంది. తిరుగు బండి విశాఖలో ఉదయం ఏడు లోపే కదులుతుంది. రెండోది రాత్రి ఎక్స్‌ప్రెస్: తెల్లవారుజామున విశాఖలో దింపుతుంది, రాత్రి భోజనాల వేళ తిరిగి ఎక్కించుకుంటుంది. నిమిషాలు టైం టేబుల్ మారినప్పుడల్లా మారతాయి, వేళలు మాత్రం మొత్తం మీద ఇవే. సరిగ్గా ఈ వేళల మీదే లాడ్జి లెక్క తలకిందులవుతుంది.

విశాఖ లాడ్జీల్లో గది ఖాళీ చేసే పద్ధతులు రెండు. రైల్వే స్టేషన్, దొండపర్తి, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల పాత లాడ్జీలు చాలావరకు 24 గంటల చెక్‌అవుట్ పాటిస్తాయి: మీరు దిగిన గంట నుంచి మర్నాడు అదే గంట దాకా ఒక రోజు. యాప్‌లలో కనిపించే కొత్త హోటళ్లు ఎక్కువగా మధ్యాహ్నం 12 గంటల పద్ధతిలో, కొన్ని 11 గంటల పద్ధతిలో నడుస్తాయి. సోమవారం తెల్లవారి 5 గంటలకు దిగి మంగళవారం రాత్రి 7 గంటలకు గది వదిలే కుటుంబాన్ని తీసుకోండి. మొత్తం 38 గంటలు. 24 గంటల లాడ్జిలో ఇది రెండు రోజుల అద్దె, పైగా పది గంటలు మిగులు. మధ్యాహ్నం పద్ధతి హోటల్లో కచ్చితంగా లెక్కగడితే సోమవారం మధ్యాహ్నం దాకా ఒకటి, మంగళవారం మధ్యాహ్నం దాకా రెండోది, ఆ తర్వాత రాత్రి దాకా మూడోది. మొదటి చోట గది 1,200, రెండో చోట 900 అనుకుందాం. మూడు వందలు ఆదా అనుకున్న హోటల్లో బిల్లు 2,700 అవుతుంది. ఖరీదనుకున్న లాడ్జిలో 2,400తో పోతుంది. అదే కుటుంబం పగటి ప్యాసింజర్‌లో వచ్చి సోమవారం రాత్రి 9కి దిగి బుధవారం ఉదయం 6కి వదిలితే రెండు పద్ధతుల్లోనూ రెండే అద్దెలు, అప్పుడు 900 గదే చవక. అంటే ఏ హోటల్ చవక అన్న ప్రశ్నకు జవాబు హోటల్లో లేదు, చేతిలోని టికెట్‌లో ఉంది.

ముందే వచ్చినా రిసెప్షన్‌లో సర్దుకుంటారు కదా అని ఎవరైనా అనవచ్చు. గదులు ఖాళీగా ఉన్న రోజుల్లో నిజంగానే సర్దుకుంటారు. కానీ అది మర్యాదే తప్ప మన హక్కు కాదు. తెల్లవారి ఐదింటికి పసిపిల్లలతో, సామాన్లతో కౌంటర్ ముందు నిలబడ్డవాడికి బేరమాడే బలం ఎంత ఉంటుంది? ఆ మాట ముందురోజే ఫోన్‌లో అడిగి, వీలైతే వాట్సాప్‌లో రాయించుకోవాలి. అదీ కుదరకపోతే ఆ తొలి గంటలను స్టేషన్‌లోనే చవగ్గా గడిపే ఏర్పాట్లున్నాయి. రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీ పడకలు ఖాయమైన టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీ ద్వారా బుక్ చేసుకోవచ్చు. 2025లో విశాఖ స్టేషన్‌లో స్లీపింగ్ పాడ్లు పెట్టారు. మొదలుపెట్టినప్పుడు ఒంటరి పడక మూడు గంటలకు 200, రోజంతటికీ 400 రూపాయలు. స్నానం చేసి కాస్త నడుం వాల్చడానికి ఇది చాలు. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టుకోవచ్చు, అయితే టికెట్ చూపాలి, సంచులకు తాళం ఉండాలి. తాళం పట్టని గోనెసంచి, జిప్పు తెగిన బ్యాగు అక్కడ చెల్లవు. ఒకరోజు పని మీద ఒంటరిగా వచ్చేవాడికి అసలు లాడ్జే అక్కర్లేదు. ముసలివాళ్లు, రోగి, పసిబిడ్డ ఉన్న కుటుంబానికి మాత్రం పాడ్ ప్రత్యామ్నాయం కాదు, దాన్ని అలా చూపించడం అన్యాయం.

గంటల తర్వాత దూరం. బస్తర్ నుంచి వచ్చేవాళ్లలో వైద్యం కోసం వచ్చేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లందరూ ‘వైజాగ్ ఆసుపత్రి’ అంటారు గానీ అది ఒక చోట లేదు. 1923లో ప్రారంభమైన కేజీహెచ్ పాత ఊరికి చేరువగా మహారాణిపేటలో, స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్లలోనే ఉంది. విమ్స్, హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రులు, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇవన్నీ నగరానికి ఆ చివర హనుమంతవాక, ఆరిలోవ వైపు. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి స్టీల్‌ప్లాంట్ దాటి అగనంపూడిలో, స్టేషన్‌కు ఇరవై కిలోమీటర్లకు పైగా. అగనంపూడిలో పని ఉన్నవాడు బీచ్‌రోడ్డులో చవక గది దొరికిందని సంబరపడితే రోజూ రానూపోనూ ఆటోకు పెట్టే డబ్బు మరో గది అద్దె. సిటీ బస్సుంది కదా అనవచ్చు. ఉంది, చవకే. కానీ 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం ఆ రాష్ట్ర నివాసం చూపే కార్డు ఉన్నవాళ్లకే. ఛత్తీస్‌గఢ్ చిరునామా ఆధార్ ఉన్న తెలుగు ఆడవాళ్లు టికెట్ కొనాల్సిందే. కీమోథెరపీ చేయించుకుని వచ్చిన మనిషి నిలబడి బస్సులో వెళ్లగలడా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు రూపాయల్లో రాదు.

రోగి ఆసుపత్రి పడక మీద ఉండి, తోడు వచ్చినవాళ్లకే చోటు కావాల్సి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. వంతులవారీగా నిద్ర, స్నానం, బట్టలుతుక్కునే చోటు, వీటికి ఏసీ గది దండగ. ఆసుపత్రికి నడిచివెళ్లే దూరంలో ఉన్న మామూలు గది, వారం పైబడితే వంటకు వీలుండే ఇంటిగది నయం. ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న మందుల షాపులో అడిగితే యాప్‌లో లేని గదుల సంగతి తెలుస్తుంది. ఇలాంటి గదికి వెళ్లేముందు లిఫ్ట్ ఉందా, మెట్లెన్ని, వేడినీళ్లు రోజంతా వస్తాయా లేక ఉదయం రెండు గంటలేనా అని అడగడం అద్దె అడగడం కన్నా ముఖ్యం. చాలా చిన్న లాడ్జీల్లో వేడినీళ్లకు వేళలుంటాయి.

యాప్‌లో ముందే డబ్బు కడితే రాయితీ వస్తుంది కదా, అది వదులుకోవడం ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. మామూలు రైలు మార్గమైతే దాన్ని ఒప్పుకోవచ్చు. కానీ కిరండూల్ లైను మామూలు మార్గం కాదు. వానాకాలంలో ఘాట్ సెక్షన్‌లో కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి బళ్లు ఆగిన సందర్భాలున్నాయి. భద్రతా కారణాలతో బండిని కిరండూల్ దాకా పోనివ్వకుండా దంతెవాడతోనే ఆపేయడం అక్కడివాళ్లకు కొత్త కాదు. బండి రద్దయితే రైల్వే టికెట్ డబ్బు తిరిగిస్తుంది. రీఫండ్ లేని గది డబ్బు ఎవరూ ఇవ్వరు. వంద రూపాయల రాయితీ కోసం రెండు వేలను ఆ కొండచరియల మీద పందెం కాయడమే ఇది. జులై నుంచి అక్టోబరు దాకానైనా హోటల్లో దిగాక డబ్బు కట్టే పద్ధతి, లేదా ముందురోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతి ఎంచుకోవడం తెలివి.

24 గంటల లాడ్జీలు పాతబడ్డాయి, శుభ్రంగా ఉండవు అన్నదీ వినిపించే మాటే. కొన్నిటి విషయంలో అది నిజం. సముద్రపు తేమకు గోడలు చెమ్మగిల్లుతాయి, పరుపులు వాసన పడతాయి. బస్తర్ పీఠభూమి గాలికి అలవాటుపడ్డవాళ్లకు మే నెల విశాఖ ఉక్కపోత కాస్త ఎక్కువే తగులుతుంది కూడా. అందుకే అడ్వాన్స్ కట్టేముందు గది చూపించమనాలి. దుప్పటి, కుళాయి, తలుపు గడియ, కిటికీ చూడాలి. ఆటో డ్రైవర్ తీసుకెళ్లిన లాడ్జిలో ఈ పరీక్ష ఇంకా గట్టిగా చేయాలి, అతని కమీషన్ కలిసేది మీ అద్దెలోనే. స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలో గది ఉంటే చీకట్లో ఆ ఆటో అవసరమే రాదు.

బిల్లు గురించి ఒక్క మాట. 2022 జులైకి ముందు వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. అప్పటినుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులపై అది 5 శాతమే. కాబట్టి 900 గదికి పన్నుతో 945. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే అడగండి. జీఎస్టీ నంబరే లేని చిన్న లాడ్జి పన్ను పేరుతో పైసా తీసుకోకూడదు. గుర్తింపు కార్డు పెద్దవాళ్లందరిదీ అడుగుతారు. ఇంటి పెద్ద కార్డు ఒక్కటే పట్టుకొచ్చి లోపలి పల్లెల నుంచి వచ్చిన బంధువులను వెంట తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. ఆధార్ జిరాక్సు ఇవ్వడం ఇష్టం లేకపోతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, లేదా ఓటరు కార్డు ఇవ్వవచ్చు.

పైన చెప్పిన లెక్కలన్నీ కుప్పకూలే రోజులూ ఉన్నాయి. ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షల జనం వస్తారు. దుర్గాపూజ సెలవుల్లో బెంగాల్ పర్యాటకులు నిండిపోతారు. జగదల్‌పూర్‌లో డెబ్బై అయిదు రోజుల దసరా ముగింపుకొచ్చేది కూడా అప్పుడే కాబట్టి బస్తర్ వాళ్లు ఆ వారం ఎటూ కదలరనుకోండి. డిసెంబరు, జనవరిల్లో అరకు వెళ్లే జనం ఉంటారు. నేవీ విన్యాసాల రోజుల్లో బీచ్ వైపు గదుల ధర చెప్పక్కర్లేదు. వైద్యుడిచ్చిన తేదీ మార్చుకోలేం గానీ, సముద్రం చూడటానికి వచ్చేవాళ్లు ఫిబ్రవరికి వాయిదా వేసుకుంటే వాతావరణమూ బాగుంటుంది, గదీ దొరుకుతుంది.

ఇదంతా రైలు మనుషుల లెక్క. సొంత కారులోనో, రాత్రి బస్సులోనో కోరాపుట్, సాలూరు ఘాట్ దిగి వచ్చేవాళ్లకు వేళ వాళ్ల చేతిలో కొంత ఉంటుంది. కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా రాయ్‌పూర్–విశాఖ ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయితే ఇంకా ఉంటుంది. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి దిగే కుటుంబానికి 12 గంటల చెక్‌అవుట్ హోటలే సరిపోతుంది, 24 గంటల పద్ధతికి ఎక్కువ ఇవ్వడం అనవసరం. వాళ్లు చూడాల్సింది పార్కింగ్. దొండపర్తి సందుల్లోని లాడ్జీల్లో చాలావాటికి అది లేదు. ఎండాడ, మధురవాడ వైపు గదులకు ఉంటుంది, హెల్త్ సిటీ కూడా అటే దగ్గర.