పేరు ఒక్కటే, పని సగమే!
గ్రాఫిక్స్ కార్డు కొనేవారు పెట్టెపై చూడవలసిన లెక్కలు

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోల వారికి, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకు నేడు కంప్యూటర్ తప్పనిసరి వస్తువైంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, దగ్గరలోని పట్టణానికో వెళ్లి విడిభాగాలు బిగించి తెచ్చుకునేవారు ఎందరో ఉన్నారు. ఆ భాగాలలో చాలాసార్లు ధర ఎక్కువ పలికేది గ్రాఫిక్స్ కార్డే. దాని పేరును, పెట్టెపై ఉన్న పెద్ద అంకెను మాత్రమే చూసి డబ్బు కడితే తరువాత తల పట్టుకోవలసి వస్తుంది.

తెరపై బొమ్మ గీయడం ఈ కార్డు పని. మామూలు ఫుల్ హెచ్‌డి తెరపై 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 సార్లు బొమ్మ మారాలంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. అందుకే ఇందులో వందలు, వేల సంఖ్యలో చిన్న చిన్న లెక్కల యంత్రాలుంటాయి. వీటినే కోర్లు అంటారు.

గట్టు మీది లెక్క

ఈ కోర్లను వరి నాట్లకు దిగిన కూలీలతో పోల్చవచ్చు. కూలీలెందరో, ఒక్కొక్కరి చేతి వేగమెంతో తెలిస్తే పూటకు ఎంత మడి పడుతుందో గట్టు మీద కూర్చునే చెప్పవచ్చు. కార్డు లెక్కా ఇంతే. కోర్ల సంఖ్యను క్లాక్ వేగంతో హెచ్చవేస్తారు. ఒక్కో కోరు ఒక్క ఊపులో ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేయగలదు గనుక మళ్లీ 2తో హెచ్చవేస్తారు. వచ్చిన మొత్తాన్ని టెరాఫ్లాప్‌లలో చెబుతారు. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు.

అయితే నారు కట్టలు వేళకు అందకపోతే కూలీలు ఎందరున్నా మడిలో ఊరకే నిలబడవలసిందే. ఇక్కడ నారు అందించేది కార్డులోని మెమరీ. మెమరీ దారి వెడల్పును బిట్లలో, వేగాన్ని గిగాబిట్లలో చెబుతారు. ఆ రెండింటినీ హెచ్చవేసి 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని గిగాబైట్లు అందుతాయో తేలుతుంది. దీనికే బ్యాండ్‌విడ్త్ అని పేరు. కొనేవారు ఎక్కువగా మరచిపోయేది ఈ లెక్కనే.

ఒకే పేరుతో రెండు రకాలు

ఎన్విడియా కంపెనీ 2017లో జిటి 1030 అనే చిన్న కార్డును విడుదల చేసింది. 2018లో అదే పేరుతో రెండో రకం వచ్చింది. రెండింటిలోనూ 384 కోర్లు, 2 జీబీ మెమరీ, 64 బిట్ల దారి ఉన్నాయి. టెరాఫ్లాప్‌ల లెక్కలో మొదటిది 1.13, రెండోది 1.06. అంటే నూటికి ఆరు పాళ్లే తేడా.

మెమరీ రకం చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటిదానిలో జిడిడిఆర్5 ఉంటే రెండోదానిలో డిడిఆర్4 పెట్టారు. బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 గిగాబైట్ల నుండి 16.8కు, అంటే దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఆటలలో పరీక్షించి చూడగా రెండో రకం పని ఇంచుమించు సగమే తేలింది. కొనేవారికి మాత్రం రెండింటి మీదా కనిపించేది జిటి 1030 అనే పేరే.

వీడియో మిక్సింగ్ వారు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. వీడియోను చివరకు ఫైలుగా మార్చే ఎన్‌వెన్క్ అనే విభాగం ఈ రెండు రకాలలోనూ లేదు. ఆ భారం కంప్యూటర్‌లోని మిగతా భాగాలపైనే పడుతుంది. టెరాఫ్లాప్‌ల అంకె ఎంత చూసినా ఈ విషయం తెలియదు.

ఆర్‌టిఎక్స్ 3060 విషయంలోనూ ఇలాగే జరిగింది. 2021లో వచ్చిన దానికి 12 జీబీ మెమరీ, 192 బిట్ల దారి, 360 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. 2022లో అదే పేరుతో వచ్చిన 8 జీబీ రకానికి దారి 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240 మాత్రమే. కోర్లు మాత్రం రెండింటిలోనూ 3,584.

కోర్లు పెరిగినా...

2018లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 2080 టిఐలో 4,352 కోర్లు, 13.4 టెరాఫ్లాప్‌లు. 2020లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 3070లో 5,888 కోర్లు, 20.3 టెరాఫ్లాప్‌లు. కాగితం మీద కొత్తది ఒకటిన్నర రెట్లు. ఆటలలో మాత్రం రెండూ దాదాపు సమానంగానే నడిచాయి.

కారణం కోర్లను లెక్కించిన తీరులో ఉంది. పాతదానిలో దశాంశ లెక్కలకు, పూర్ణాంక లెక్కలకు వేర్వేరు యంత్రాలుండేవి. కోర్లుగా చెప్పినవి దశాంశ లెక్కలవే. కొత్తదానిలో సగం కోర్లు రెండు పనులకూ ఉమ్మడి. నాటు వేసేవారిలో సగం మందే మధ్య మధ్య నారు మోయవలసి వస్తే, అందరినీ నాటు కూలీలుగానే లెక్కించినట్లు ఇది. కనుక ఒక తరం కార్డును మరో తరం కార్డుతో టెరాఫ్లాప్‌లను బట్టి పోల్చరాదు.

ఒక్క బ్యాండ్‌విడ్త్‌నే పట్టుకున్నా పొరపాటే. 2023లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 4060కి బ్యాండ్‌విడ్త్ 272 మాత్రమే. 3060 పాత రకానికి 360. అయినా ఎక్కువ ఆటలలో 4060దే పైచేయి. చిప్పులోనే 24 మెగాబైట్ల క్యాష్ ఉండటం ఇందుకు ఒక కారణం. 3060లో అది 3 మెగాబైట్లే. గట్టు మీద ముందే నారు కట్టలు పేర్చి ఉంచుకున్నట్లన్నమాట. కరెంటు కూడా 170 వాట్లకు బదులు 115 వాట్లే. అయితే పని పెద్దదై 8 జీబీ చాలకపోతే 4060 తడబడుతుంది. అక్కడ 12 జీబీ ఉన్న పాత కార్డే నయం.

కొనే ముందు

పేరుతో పాటు మెమరీ ఎన్ని జీబీలు, ఏ రకం, దారి ఎన్ని బిట్లు అని దుకాణదారును అడగాలి. కార్డుకు కావలసిన వాట్లను ఎస్ఎంపిఎస్ ఇవ్వగలదో లేదో చూచుకోవాలి. తాము చేసే పనికి సంబంధించిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి అక్కడే నడిపి చూడటం అన్నింటికంటె మేలు. ఆటల కోసమైతే ఆ ఆటలోనే జరిపిన పరీక్షల ఫలితాలు చూడాలి. ఒకే తరం కార్డులను పోల్చేటప్పుడే టెరాఫ్లాప్‌ల లెక్క కొంత ఉపయోగపడుతుంది.

కార్డు బిగించిన తరువాత జిపియు-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కోర్లు, మెమరీ రకం, బ్యాండ్‌విడ్త్ తెరపై చూచుకోవచ్చు. ఆ వివరాలు పెట్టెపై ఉన్నవాటితో సరిపోలితేనే ఇంటికి తెచ్చుకోవాలి. బిల్లుపై ఉత్త పేరు కాక, మెమరీ రకంతో సహా పూర్తి మోడల్ రాయించుకోవడం మరువరాదు. ఒక రకం చెప్పి మరో రకం అంటగడితే, జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పనికివచ్చే సాక్ష్యం ఆ బిల్లే.