బస్తాకు తోడు ‘బయో’ డబ్బా: కొనే రైతు కూడా వినియోగదారుడే!

మాది మొగుళ్లపల్లి మండలం. పత్తి, మిర్చి, వరి మా దిక్కు పంటలు. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న నేను ఈసారి పంట గురించి కాదు, రైతుకు సరుకు అమ్మే పద్ధతుల గురించి చెప్పాలనుకుంటున్నాను. పై వీడియోలో డబ్బాల లేబుళ్లు దగ్గరగా చూపించాను. ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, అంటగట్టుడు

45 కిలోల వేపపూత యూరియా బస్తా ధర రూ.266.50. కొరత వచ్చిందంటే చాలు, “అన్నా, ఈ డబ్బా తీస్కుంటేనే బస్తా” అనే మాట మొదలవుతుంది. ఆ డబ్బా ఒకసారి నానో యూరియా, ఇంకోసారి పేరు తెలియని బయో టానిక్. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం చెప్పులు, పాసు పుస్తకాలు లైన్లో పెట్టిన రోజులు అందరం చూసినం. ఆ జూలైలోనే కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్, సబ్సిడీ ఎరువులతో నానో ఎరువులు, బయోస్టిమ్యులెంట్లు బలవంతంగా అంటగట్టడం ఆపించాలని ముఖ్యమంత్రులకు లేఖ రాశారు.

“మనం యూరియా వెయ్యం గదా, మనకేంది?” అనుకోవద్దు. ఆ డబ్బాల మీద ఉండేవి మన మాటలే. సేంద్రియం, సహజం, ఆవు బొమ్మ, పచ్చని ఆకు!

30 వేల నుంచి 650కి

ఒకప్పుడు దేశంలో సుమారు 30 వేల రకాల బయోస్టిమ్యులెంట్లు అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడుపోయాయని అదే మంత్రి చెప్పారు. తర్వాత అవి 8 వేలకు, తనిఖీలు గట్టిగా చేశాక దాదాపు 650కి తగ్గాయన్నారు. వీటిని 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్‌తో ముగిసింది. అంటే లెక్క తేలకముందే ఎంతమంది రైతుల డబ్బు ఈ సీసాల్లో పోయిందో ఆలోచించండి.

ఇంకో ప్రమాదం ఉంది. బయో పేరుతో రసాయన మందు కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. “కొట్టిన తెల్లారే పురుగు రాలుతది” అంటే అక్కడే అనుమానించాలి. వేప కషాయమైనా, మేలు చేసే శిలీంద్రమైనా అట్లా పని చెయ్యవు. అలాంటి మందు తెలియక కొడితే, రేపు అవశేషాల పరీక్షలో దొరికేది మన పంటే. ఏళ్ల కష్టం ఒక్క సీసాతో పోతుంది.

అమ్మేవాడే సలహాదారు అయితే

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావులు మన పెద్దలకు ఇంకా యాదిలో ఉన్నాయి. మందు అమ్మేది, ఏది కొట్టాలో చెప్పేది, అప్పు ఇచ్చేది చాలాచోట్ల ఒకే దుకాణదారు. పురుగు చావకపోతే ఇంకో మందు, ఇంకో అప్పు. ఇప్పుడు ఆ సలహా ఫోన్లో వీడియోగా వస్తోంది. ఎకరానికి ఇన్ని క్వింటాళ్లంటూ ఒక రైతు మాట్లాడతాడు, కింద ఆర్డర్ నంబర్ ఉంటుంది. పక్క మడిలో ఆ మందు కొట్టకుండా వదిలిన పంట చూపించారా? లేదంటే అది ప్రకటనే.

జనగామ జిల్లా ఏనెబావి దీనికి ఎదురుదారి చూపింది. 2006లో ఊరు ఊరంతా రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకుంది.

కొనేటప్పుడు ఇవి చూడండి

- బిల్లు తప్పకుండా తీసుకోండి. దాని మీద డబ్బా పేరు, బ్యాచ్ నంబర్ ఉండాలి. అంటగట్టిన డబ్బాను కూడా బిల్లులో రాయించండి, అదే మన సాక్ష్యం.
- లేబుల్ మీద లోపల ఏముందో, ఎంత శాతమో, తయారీదారు చిరునామా, గడువు తేదీ చూడండి. “రహస్య ఫార్ములా” అంటే కొనకండి.
- బలవంతం చేస్తే మండల వ్యవసాయ అధికారికి రాసివ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి.

“రైతు వ్యాపారం చేస్తడు, వినియోగదారుడు ఎట్లయితడు?” అని ఎవరైనా అంటే 2012 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తు చెయ్యండి. జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసది. రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని కోర్టు తేల్చింది. కొన్న విత్తనమంతా విత్తే రైతు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమని కూడా చెప్పింది.

చివరిగా, మనం అమ్మేటప్పుడు కూడా ఇదే కొలత. బియ్యం సంచి మీద “ఆర్గానిక్” అని రాస్తే సరిపోదు. ఏం వేశామో, ఎప్పుడు వేశామో రాసిన నోట్‌బుక్ చూపిద్దాం. జీవామృతం సంగతే చూడండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో దాచేది ఏమీ లేదు. కొనేవాళ్లకు మన మీద నమ్మకం కలిగేది దాంతోనే.