పత్తిచేను, పలక, వెండితెర

కార్తికమాసము వచ్చుసరికి ఆదోని మార్కెట్ యార్డులో నేల కనబడదు. ఎక్కడ చూచినను పత్తి రాసులే. కొనువారు గుప్పెడు దూది తీసి, వ్రేళ్ల నడుమ పింజ సాగదీసి, ధర పలుకుదురు. సాయంకాలమునకు ఆ రాసులన్నియు జిన్నింగు మిల్లులకు తరలిపోవును. పత్తి విపణిగా ఆదోనికి ఆంధ్రదేశమంతటను పేరు కలదు. దాపుననే యున్న ఎమ్మిగనూరునకు మగ్గము వలన పేరు వచ్చెను. 1938లో మాచాని సోమప్పగారు అచట నెలకొల్పిన చేనేత సహకార సంఘము దేశమున ప్రసిద్ధి గాంచినది. 1954లో ఆయనను పద్మశ్రీ వరించినది. పత్తి కొన్న ఊరి పేరు నిలిచినది, నేయించిన వారి పేరు నిలిచినది. చీరకొంగు ఒడిగా గట్టుకొని, పొద్దస్తమానము నడుము వంచి, కాయ కాయను తడిమి పత్తి తీసిన స్త్రీ పేరు మాత్రము ఏ చిట్టాలోను లేదు. ఆమె తరచుగా మాలవాడనుండియో మాదిగవాడనుండియో వచ్చినదై యుండును.

ఈ పత్తికి సముద్రమున కావల ఒక దాయాది కలదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై దక్షిణ రాష్ట్రముల రేవులు మూతపడగా లాంకషైరు మిల్లులకు దూది కరవయ్యెను. అప్పుడు తెల్లవర్తకుల చూపు మన నల్లరేగడి నేలలపై పడినది. నాటికి బళ్లారి జిల్లాలో నుండిన ఆదోని ప్రాంతమున పత్తికి గిరాకి పెరిగినది. 1865లో యుద్ధము ముగియగానే ధర పడిపోయినది. అంతవరకు లాంకషైరునకు దూది నందించినది మిసిసిపి, అలబామా తోటలలోని నల్లజాతి బానిసల చేతులే. ఆ చేతు లాగినపుడు ఈ చేతులకు పని పెరిగినది. ఒకరి నొకరు ఎన్నడును చూడని కూలివారు వీరు. ఐనను వెండితెరపై వీరి కథలు నడచిన తీరు పోల్చి చూడదగి యున్నది.

1915లో గ్రిఫిత్ అను దర్శకుడు ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ అను చిత్రమును తీసెను. చిత్రనిర్మాణ నైపుణ్యమున అది నాటికి గొప్పదే. కాని అందు తెల్లనటులు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని మృగములవలె నటించిరి. నల్లవారిని వేటాడిన కూక్లక్స్ క్లాను ముఠా వీరుల గుంపుగా కీర్తింపబడెను. దానిపై నిరసనలు చెలరేగినవి. నిరసనతో తృప్తి నందక తానే కెమెరా పట్టినవాడు ఆస్కార్ మిషో. ఆతని తండ్రి బానిసత్వమున పుట్టినవాడు. మిషో రైలుబండ్లలో ప్రయాణికుల సేవకుడుగా పని చేసెను, సౌత్ డకోటాలో బీడు దున్ని సేద్యము చేసెను, నవలలు వ్రాసి ఇంటింటికిని తిరిగి అమ్మెను. 1919లో తన నవలనే చిత్రముగా తీసెను. 1951లో మరణించునాటికి నలువదికి పైగా చిత్రములు నిర్మించెను.

అతని ‘వితిన్ అవర్ గేట్స్’ 1920లో వచ్చినది. ఉపాధ్యాయులు ఈ చిత్రమును తప్పక తెలిసికొనవలెను. ఏలనన అందలి కథానాయిక పంతులమ్మ. దక్షిణదేశమున నల్లబిడ్డల బడి ఒకటి మూతపడుటకు సిద్ధముగా నున్నది. ఒక్కొక్క బిడ్డ చదువునకు ప్రభుత్వ మిచ్చునది ఏడాదికి ఒకటిన్నర డాలరును మించదు. సిల్వియా లాండ్రీ అను నామె ఆ బడికై విరాళము లర్థించుచు ఉత్తరమునకు పోవును. ఆమె గతము కథ చివర తెలియవచ్చును. ఆమెను పెంచిన తండ్రి కౌలుకు పత్తి పండించువాడు. చదువుకొన్న ఆమె లెక్కలు వ్రాసి, భూస్వామి చేయు మోసమును తేల్చినది. ఆ లెక్క తీర్చుకొనుటకు తండ్రి పోయినపుడే వేరొకని తుపాకిగుండునకు భూస్వామి కూలెను. నేరము నల్లవానిపై పడెను. జనము మూగి ఆలుమగలను ఉరితీసిరి. పలకమీది కూడికయు ఉరిత్రాడును ఒకే కథలో నుండుట గమనింపదగినది. ఈ చిత్రము చిరకాలము అదృశ్యమై, స్పెయిన్ దేశమున నొక ప్రతి దొరకగా, 1993లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమువారిచే పునరుద్ధరింపబడెను.

ఇక మన దేశమునకు వత్తము. ఎమ్మిగనూరులో సహకార సంఘము వెలసిన 1938లోనే గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’ విడుదలయ్యెను. కథ చలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి, అంతకు ఐదేండ్ల ముందే కీర్తిశేషులైన బసవరాజు అప్పారావుగారి పాటలును అందు వినిపించినవి. వెనుక చల్లపల్లి రాజావారి అండ కలదు. అర్చకుని కొడుకు మాలపిల్లను ప్రేమించుట, దేవాలయ ప్రవేశము, ఊరి నీటికై పోరు — ఇవన్నియు తెరపై చూపుటకు నాడు గుండెదిటవు కావలసి యుండెను. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము వచ్చినది మరుసటి యేట. చిత్రము చూచివచ్చి తలస్నానము చేసిన సనాతనులు కలరని పెద్దలు చెప్పుకొనెడివారు. రామబ్రహ్మముగారు 1939లో తీసిన ‘రైతుబిడ్డ’లో బళ్లారి రాఘవగారు నటించిరి, ఆదోని బళ్లారి జిల్లాలో నుండిన దినములు గనుక రాఘవగారు ఈ సీమకు పరాయివారు కారు.

‘మాలపిల్ల’ను తక్కువ చేయుట కృతఘ్నత యగును. కాని ఒక సంగతి చెప్పకుండుట అసత్యము. కథకుడు, దర్శకుడు, మాటల రచయిత, ధనమిచ్చిన ప్రభువు — వీరిలో నెవ్వరును ఆ వాడలో పుట్టినవారు కారు. కావుననే కథ ముడి విడిన తీరు వేరైనది. అగ్నిప్రమాదమున చిక్కిన అర్చకుని భార్యను హరిజనుడు కాపాడగా ఆ సనాతనుని హృదయము కరగును, గుడి తలుపు తెరచుకొనును. పై కులమువాని మనసు మారుటయే ఇచట పరిష్కారము. మిషో కథలో ఎవని మనసును కరగనక్కరలేదు. లెక్క సరిగా నుండవలెను, బడి నిలువవలెను. ఒకటి వెలుపలి గడపనుండి చూచిన బాధ, రెండవది ఇంటిలోని బాధ.

మరియొక సంఘటన ఇంతకంటె కఠోరమైనది. ఇంచుమించు 1930 ప్రాంతమున కేరళమున ‘విగతకుమారన్’ అను మూకీచిత్రములో పి.కె. రోజీ అను దళితయువతి నాయరు వనితగా నటించెను. అగ్రవర్ణులు సహింపలేకపోయిరి, ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చెను. మాలపిల్లగా నటించిన కాంచనమాల ఆంధ్రదేశపు ఆరాధ్యతార కాగా, నాయరుపిల్లగా నటించిన దళితబాలికకు నిలువ నీడ లేకపోయెను. ఎవరు ఎవరి వేషము వేయవచ్చునో అప్పటి సంఘము అంత స్పష్టముగ తేల్చి చెప్పినది.

అమెరికాలో సాధ్యమైనది ఇచట ఆలస్యమైన దేల? కవిత్వమునందు మనకు ఆలస్యము లేదు. తెల్లదొరల నిరసించు పాటలు మారుమ్రోగిన దినములలోనే కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనము నెదిరించుచు కవిత వ్రాసిరి. 1941లో జాషువగారి ‘గబ్బిలము’ వెలువడినది. కవికి కాగితము చాలును. చిత్రమునకు పెట్టుబడి, యంత్రములు, పంపిణీదారు, థియేటరు కావలెను. అమెరికాలో నల్లవారిని వేరు థియేటరులకు నెట్టిన దుర్నీతియే, విచిత్రముగా, మిషోకు ప్రేక్షకులను కూర్చిపెట్టినది. ఇచట హాలు ఒక్కటే. దళితుడు నేలటిక్కెట్టుపై కూర్చుండెను, భూస్వామి కుర్చీపై కూర్చుండెను. చిత్రము కుర్చీని మెప్పింపక తప్పినది కాదు. నేల నిండినను మాట కుర్చీదే చెల్లినది.

ఆ మాట నెదిరించిన వారిలో ఒకడు మనకు దూరపు చుట్టమే. నాగరాజ్ మంజుళే షోలాపురము జిల్లాలోని వడ్డర కులమున పుట్టినవాడు. రాళ్లు కొట్టుకొనుచు మహారాష్ట్రమునకు పోయిన ఈ వడ్డెరల ఇండ్లలో తెలుగు యాస నేటికిని వినబడును. ఆతని ‘ఫండ్రీ’ 2013లో వచ్చినది. ఫండ్రీ యనగా కైకాడి భాషలో వరాహమే. మన ‘పంది’కి ఆ మాట బంధువు. పందులు పట్టు ఇంట పుట్టిన జబ్యా అను బడిపిల్లవాడు, పట్టిన పందిని దుంగకు కట్టి మోయుచు, అంబేద్కరు మొదలగు మహనీయుల చిత్రములున్న బడిగోడ ముందుగా నడచిపోవును. తోడి విద్యార్థులు నవ్వుచుందురు. చివరకు వాడు విసరిన రాయి నేరుగా ప్రేక్షకుని ముఖముమీదికి వచ్చును. కొంత కాలమునకు, 2024లో, తమిళమున మారి సెల్వరాజ్ ‘వాళై’ తీసెను. బడి లేని దినములలో అరటిగెలలు మోయవలసిన పిల్లవాని కథ అది. దర్శకుని బాల్యమే అందలి వస్తువు.

తెలుగు తెరకు కర్నూలు సీమ యనగా ఏమి? 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయము పొందినది మొదలు వేటకొడవళ్లు, నాటుబాంబులు, దుమ్ములేపుచు పరుగిడు సుమోలు. ఆ సుమోలు పోవు దారి ప్రక్కనే పత్తిచేనుండును. కెమెరా అటు తిరుగదు. 2020లో ‘పలాస 1978’ శ్రీకాకుళపు దళితవాడను తెరమీదికి తెచ్చినది. పడమటి కర్నూలు పల్లెకు అట్టి భాగ్యము పట్టినచో చూపవలసినది కొడవలి కాదు, సుగ్గి.

సుగ్గి యను మాట ఈ ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు. బయటివారి కొరకు చెప్పవలెను. కన్నడమున పంటకాలమని అర్థము. వాన కరవై సొంత చేను చేయిచ్చినపుడు కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే గుంటూరు సీమ మిరపచేలకు తరలును. దీనినే సుగ్గికి పోవుట యందురు. వంటపాత్రలు, దుప్పట్లు, కోళ్లు, పిల్లలు — అన్నియు ఒకే వాహనములో. ముసలివారు ఇంట నుందురు. పిల్లల నాపుటకు ప్రభుత్వము ఆ నెలలకు మాత్రము వసతిగృహములు తెరచును. అవి తెరచుకొనులోపల కొందరు వెళ్లిపోయియే యుందురు. ఉపాధ్యాయుడు హాజరు పిలుచునపుడు బదులు రాని పేర్లు ఎక్కువగా ఏ వాడవో ఆయనకు తెలియును. అదే సమయమున, ఆదోని చుట్టును నిలిచిన చేలలో, పలక వదలిన బాలికలు పత్తి తీయుచుందురు.

సిల్వియా లాండ్రీ వ్రాసిన లెక్కవంటి లెక్క మిరపచేనిగట్టునను ఒకటి యుండును. ఎన్ని బస్తాలు కోసిరి, ముందుగా తెచ్చిన బయానా ఎంత, మిగిలినది ఎంత? దినమంతయు కోసిన తల్లికి అక్షరము రాదు. నాలుగవ తరగతి సగములో విడిచివచ్చిన పిల్ల గట్టుమీద కూర్చుండి, మేస్త్రి చెప్పిన అంకెలను చేతివ్రేళ్లపై మరల కూడుకొనును.