క్రాసింగ్ పడిందా? ఆ అయిదు మిల్లీమీటర్ల సంగతి తెలుసుకోండి

సికింద్రాబాద్-నిజామాబాద్ లైన్‌లో తిరిగేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. కామారెడ్డిలో ఆగిన రైలు ఎంతకీ కదలకపోతే ఎవరో ఒకరు కిటికీలోంచి తొంగి చూసి తేల్చేస్తారు: "క్రాసింగ్ పడిందన్నా." అంతే, అందరూ మళ్లీ ఫోన్లలో మునిగిపోతారు.

ఎల్లారెడ్డి వాళ్లకైతే ఈ ఎదురుచూపు ఇంకాస్త ఎక్కువే. అక్కడికి రైలు లేదు. రైలు కావాలంటే బస్సెక్కి కామారెడ్డి రావాలి. వచ్చాక ఇక్కడ క్రాసింగ్! అయితే ఆ పది, పదిహేను నిమిషాల్లో రైలు కింద ఏం జరుగుతుందో తెలిస్తే విసుగు కొంచెం తగ్గుతుంది. భయం కొంచెం పెరగొచ్చు కూడా. రెండూ మంచివే.

ఒక మాట, మూడు అర్థాలు

మనం క్రాసింగ్ అనే మాటని మూడు రకాలుగా వాడతాం. మొదటిది రోడ్డు, పట్టాలు కలిసే చోట ఉండే గేటు. 2014 జులై 24న ఇదే లైన్‌లో మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సుని రైలు గుద్దేసింది. ఆ పసిపిల్లల్ని తెలంగాణ ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత దేశమంతా కాపలా లేని గేట్లని ఎత్తేసే పని ఊపందుకుని, 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ లైన్లలో అవి పూర్తిగా పోయాయి.

రెండోది రైలుకి రైలు దారి ఇవ్వడం. మన లైన్ సింగిల్ లైన్ కాబట్టి ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు ఏదో ఒక స్టేషన్‌లోనే తప్పుకోవాలి. ఒకటి పక్కనున్న లూప్ లైన్‌లోకి వెళ్లి ఆగుతుంది, రెండోది మెయిన్ లైన్ మీద వెళ్లిపోతుంది.

మూడోది మనం ఎప్పుడూ చూడని క్రాసింగ్. ఒక పట్టా ఇంకో పట్టాని దాటే చోట ఉండే ఇనుప భాగం అది. రైలు లైన్ మారే చోటుని మొత్తంగా పాయింట్స్ అండ్ క్రాసింగ్స్ అంటారు, వాడుకలో పాయింట్. సింగిల్ లైన్‌లో మీ రైలు ఒక్కో క్రాసింగ్ స్టేషన్‌లో కనీసం రెండు పాయింట్లు దాటుతుంది: లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి వెళ్లేటప్పుడు ఒకటి.

కత్తిలాంటి పట్టా

మామూలు చోట్ల పట్టా స్లీపర్‌కి గట్టిగా బిగించి ఉంటుంది, కదలదు. పాయింట్ దగ్గర మాత్రం రెండు పట్టాలు కదలాలి. కొస దగ్గర కత్తి అంచులా చెక్కి ఉండే వీటిని టంగ్ రైళ్లు అంటారు. రెండింటినీ కడ్డీలతో కలుపుతారు. మోటారు వాటిని ఒక పక్కకి తోస్తే రైలు నేరుగా వెళ్తుంది, రెండో పక్కకి లాగితే లూప్‌లోకి మళ్లుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది పన్నెండుకి ఒకటి పాయింట్. అంటే పన్నెండు అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పక్కకి జరుగుతుంది. అందుకే లూప్‌లోకి వెళ్లే రైలు సాధారణంగా గంటకి 30 కిలోమీటర్ల వేగానికి తగ్గాలి.

గూడ్స్ వ్యాగన్ ఒక్కో ఇరుసు మీద 20 టన్నులకి పైగా బరువు ఉంటుంది. ఆ బరువు పట్టాని తాకే చోటు ఎంతో తెలుసా? చిటికెనవేలి గోరంత. నిండు మందం ఉన్న పట్టాకే అది పరీక్ష. సన్నగా చెక్కిన పట్టా సంగతి చెప్పాలా? కొస చిట్లుతుంది, పక్కలు అరుగుతాయి, ముక్కలు రాలతాయి. అందుకే ఇప్పుడు మందం ఎక్కువ ఉన్న 'థిక్ వెబ్' స్విచ్‌లు వేస్తున్నారు. ఇవి తొందరగా వంగవు, వీటిని బిగించి పట్టే లాక్ కూడా బలంగా ఉంటుంది.

ముక్కు మీద సుత్తి దెబ్బ

ఇక క్రాసింగ్ భాగం. ఒక పట్టా ఇంకో పట్టాని దాటాలంటే చక్రం అంచు పోవడానికి సందు వదలాలి. అంటే అక్కడ పట్టా తెగి ఉంటుంది. చక్రం ఆ సందు దాటి అవతలి మొనకి, అంటే 'ముక్కు'కి తగులుతుంది. స్టేషన్లోకి రైలు వస్తుంటే మీకు వినిపించే ఆ టకటక చప్పుడులో దీని వాటా పెద్దదే. చక్రం తప్పు దారిలోకి పోకుండా ఎదురు పట్టా పక్కన చెక్ రైలు పెడతారు. అది చక్రాన్ని లోపలి వైపు నుంచి పట్టి ఉంచుతుంది.

రోజంతా పడే ఈ సుత్తి దెబ్బలకి మామూలు ఉక్కు ఆగదు. దీనికి మందు 1882లోనే దొరికింది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఆయన ఉక్కులో సుమారు 12 శాతం మాంగనీస్ కలిపి చూశాడు. దెబ్బ తగిలేకొద్దీ పైపొర ఇంకా గట్టిపడే ఉక్కు తయారైంది. మన రైల్వే వాడే సీఎంఎస్ క్రాసింగ్‌లు ఈ మాంగనీస్ ఉక్కుతో పోత పోసినవే.

ఇందులో ఒక చిక్కుంది. మామూలు పట్టాలో దాగిన పగుళ్లని అల్ట్రాసౌండ్ యంత్రంతో పట్టేస్తారు. మాంగనీస్ పోత ఉక్కులో రేణువులు పెద్దవి కావడంతో ఆ పద్ధతి సరిగా పనిచేయదు. కాబట్టి మనిషి వంగి చూడాల్సిందే. ముక్కు దగ్గర అరుగుదల 10 మిల్లీమీటర్లు దాటకూడదని రైల్వే నియమం. ఆ హద్దు రాకముందే వెల్డింగ్‌తో నింపి, సానబెట్టి సరిచేయాలి, లేదా మార్చేయాలి.

కింద కంకర బాగుంటేనే పైన ఇనుము బాగుంటుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాని ముంచెత్తిన వానలు గుర్తున్నాయిగా? భిక్నూర్-తలమడ్ల మధ్య వరద పట్టాల కింద కంకరని, మట్టిని కోసేసింది, రైళ్లు ఆగిపోయాయి. కోత పడితే అందరికీ కనిపిస్తుంది. నీళ్లు నిలిచి కంకర కింద మట్టి మెత్తబడితే మాత్రం ఎవరికీ కనిపించదు. అలాంటి చోట పాయింట్ ఉంటే, ప్రతి రైలుకీ అది కొంచెం కుంగి లేస్తుంది. నట్లు వదులవుతాయి, ముక్కు ఇంకా త్వరగా అరుగుతుంది.

పచ్చ లైటు వెనక పరీక్ష

అసలు ప్రశ్నకి వద్దాం. టంగ్ రైలు పక్క పట్టాకి పూర్తిగా ఆనకపోతే? మధ్యలో ఒక కంకర రాయి ఇరుక్కుంటే? చక్రం ఆ సందులో దూరితే బోగీ పట్టా తప్పుతుంది.

అందుకే మోటారు తోసింది కాబట్టి పని అయిపోయిందని రైల్వే నమ్మదు. పట్టా నిజంగా వెళ్లి ఆనిందా, లాక్ పడిందా అని డిటెక్టర్ విడిగా చూస్తుంది. రెండూ అయ్యాకే సిగ్నల్ పచ్చగా మారాలి. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. సిబ్బంది దీన్ని పరీక్షించే తీరు చాలా సింపుల్. కొస నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో రెండు పట్టాల మధ్య 5 మిల్లీమీటర్ల ఇనుప ముక్క పెట్టి మోటారు నడుపుతారు. అప్పుడు లాక్ పడకూడదు, సిగ్నల్ రాకూడదు. వచ్చిందంటే ఆ పాయింట్ అబద్ధం చెబుతున్నట్టే.

బాలాసోర్‌లో ఏం జరిగింది?

2023 జూన్ 2 సాయంత్రం. ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషన్. మన విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్‌లో నేరుగా వెళ్లమని పచ్చ సిగ్నల్ పడింది. కానీ పాయింట్ లూప్ లైన్ వైపు తిరిగి ఉంది. అక్కడ గూడ్స్ రైలు నిలబడి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

అక్కడ ఇనుము అరగలేదు, మోటారు చెడలేదు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఏంటంటే, అంతకుముందు సిగ్నల్ వైరింగ్‌లో చేసిన మార్పులో లోపం ఉంది. ప్రమాదం రోజు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర బ్యారియర్ మార్చే పనిలో ఇంకో లోపం తోడైంది. ఒక క్రాసింగ్‌లో రిపేరు ఇంకో క్రాసింగ్‌తో అబద్ధం చెప్పించింది.

హెచ్చరిక ముందే వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్ స్టేషన్లో సిగ్నల్ ఒక దారి, పాయింట్ ఇంకో దారి చూపించాయి. లోకో పైలట్ గమనించి రైలు ఆపేయడంతో ప్రమాదం తప్పింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది టెస్టింగ్ పూర్తి చేయకుండా ప్రొడక్షన్‌లోకి తోసిన మార్పు. మా దగ్గర అయితే యాప్ క్రాష్ అవుతుంది, రాత్రి కూర్చుని సరిచేస్తాం. పట్టాల మీద ఆ రెండో చాన్స్ ఉండదు.

"కవచ్ ఉందిగా?" అంటారా. నిజమే, మన్మాడ్-ముద్ఖేడ్-సికింద్రాబాద్-డోన్-గుంతకల్ సెక్షన్ కవచ్ ముందుగా వచ్చిన లైన్లలో ఒకటి. కామారెడ్డి దానిలోనే ఉంది. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోతే కవచ్ బ్రేక్ వేస్తుంది. కానీ ఏ సిగ్నల్ ఏ రంగులో ఉందో కవచ్‌కి చెప్పేది ఇంటర్‌లాకింగే. అదే తప్పు చెబితే కవచ్ కూడా దాన్నే నమ్ముతుంది.

నడవని ఆ కొద్ది దూరం

ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు. 2002 మే 10న బ్రిటన్‌లోని పాటర్స్ బార్ దగ్గర పాయింట్ కడ్డీల నట్లు ఊడి రైలు పట్టాలు తప్పింది, ఏడుగురు చనిపోయారు. 2007 ఫిబ్రవరి 23న గ్రేరిగ్ దగ్గర మళ్లీ అలాంటిదే, ఒకరు చనిపోయారు. దానికి అయిదు రోజుల ముందు ఆ పాయింట్‌ని నడిచి చూడాల్సి ఉంది, ఆ చూపు పడలేదు. ఆ తర్వాత కడ్డీల డిజైన్ కూడా మార్చారు.

మన దగ్గర ఆ నడక నడిచేది కీమన్, ట్రాక్‌మన్. ఎండలో, వానలో, చేతిలో స్పానర్, సుత్తితో. వాళ్లకి కావాల్సిన పరికరాల్లో అన్నిటికన్నా ఖరీదైనది టైమ్. సింగిల్ లైన్‌లో ఒక రైలు వెనక ఇంకోటి వస్తుంటే పాయింట్ విప్పి, శుభ్రం చేసి, గ్రీజు రాసి, కొలిచి, మళ్లీ బిగించడానికి ఖాళీ ఎక్కడిది? ఆ ఖాళీనే రైల్వే 'బ్లాక్' అంటుంది. మనం దాన్ని 'లేటు' అంటాం.

రెండో లైన్ వస్తే

ముద్ఖేడ్-మేడ్చల్ మధ్య డబ్లింగ్‌కి కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. రెండో లైన్ పడితే ఎదురు రైలు కోసం ఆగే బాధ తగ్గుతుంది, మరమ్మతులకీ వెసులుబాటు దొరుకుతుంది. అయితే అక్కడికి చేరాలంటే దారిలో స్టేషన్ల యార్డులు మార్చాలి. కొత్త పాయింట్లు వేయాలి, వైర్లు మార్చాలి, సర్క్యూట్ బొమ్మలు తిరిగి గీయాలి. బాలాసోర్ నేర్పిన పాఠం సరిగ్గా ఇక్కడే అవసరం. పాత వైరు ఎక్కడికి పోయింది, కొత్తది ఎక్కడినుంచి వచ్చింది అనేది కాగితం మీదా, పెట్టెలోనూ ఒకేలా ఉండాలి. ప్రతి పాయింట్‌నీ రెండు వైపులా తిప్పి, సిగ్నల్‌తో సరిపోల్చి, సంతకం పడ్డాకే రైలు వదలాలి. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని ఇందులో ఒక్క మెట్టు కూడా దాటేయకూడదు.

మన వంతు కూడా ఉంది. రీల్స్ కోసం పాయింట్ సందులో రాయి పెట్టడం ఆట కాదు, రైల్వే చట్టం ప్రకారం జైలుకి పంపే నేరం. పట్టా దగ్గర తేడాగా ఏదైనా కనిపిస్తే స్టేషన్ మాస్టర్‌కి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి. 'నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల వల్ల రైలు రద్దు' అని మెసేజ్ వస్తే తిట్టుకోకండి. టైమ్ ఇచ్చి పని చేస్తున్నారని దానర్థం. నిలదీయాల్సింది ఇంకోటి ఉంది. అన్ని రోజులు రైళ్లు ఆపి చేసిన పనిలో ప్రతి పాయింట్‌నీ పరీక్షించారా, ఆ లెక్క రాసిపెట్టారా? మన ఎంపీలని, రైల్వే అధికారులని ఈ ఒక్కటి అడుగుతూనే ఉండాలి.