స్టార్టు ఎటు పోయింది?

'ఒరేయ్... స్టార్టు బటన్ ఎటు పోయిందిరా?'

ఇంట్లో కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చగానే పెద్దాయన నోట ముందుగా వచ్చే మాట ఇదే. మరి, విండోస్ 95 నాటి నుంచీ- మధ్యలో విండోస్ 8లో కొన్నాళ్లు మాయమైనా- ఎడమవైపు మూలనే ఉండే బటన్ ఉన్నట్టుండి మధ్యకొచ్చి కూర్చుంటే చెయ్యి తడబడదూ!

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. 'ఉన్నది బాగానే ఉందిలే' అని ఊరుకున్నవాళ్లూ తర్వాత మారడం గురించి ఆలోచించక తప్పలేదు. కారణం... 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా అందే మద్దతు ముగిసింది. ఆ తర్వాతా కంప్యూటర్ పనిచేస్తుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు అందకపోతే అందులో బ్యాంకు లావాదేవీలు చేయడం ప్రమాదమే.

అయితే అన్ని కంప్యూటర్లూ ఇందుకు పనికిరావు. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' ప్రోగ్రామ్‌తో ఆ సంగతి తెలుసుకోవచ్చు.

మొదటిరోజు తికమక

కిటికీల మూలలు గుండ్రంగా, రంగులు మెత్తగా... చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే మాత్రం కట్, కాపీ లాంటివి చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి. పాత జాబితా కావాలంటే 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి. ఈ ఇబ్బంది నాలుగురోజులే. చెయ్యి అలవాటు పడిపోతుంది.

అసలు పరీక్ష

మార్చిన తర్వాత నచ్చకపోతే పాత విండోస్‌కి వెళ్లిపోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీలోకి వెళ్తే 'గో బ్యాక్' ఉంటుంది. కానీ మామూలుగా గడువు పది రోజులే. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు వాటంతటవే తొలగిపోతాయి. కాబట్టి ఆ పది రోజుల్లోనే ఇంటిల్లిపాదీ తమ తమ పనులు ఒక్కసారైనా చేసి చూసుకోవాలి. పాత ప్రింటర్ కాగితం తీస్తోందా? నాన్న తెలుగు ఫాంట్లు సరిగ్గా వస్తున్నాయా? అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో మైకు పలుకుతోందా?

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది మరొకటుంది. పెళ్లి ఫొటోలూ తాతయ్య షష్టిపూర్తి వీడియోలూ వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టడం. మార్పిడిలో ఫైళ్లు సాధారణంగా అలాగే ఉంటాయి. కానీ మధ్యలో ఏ తేడా వచ్చినా... ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవచ్చు, తాతయ్య నవ్వుని మళ్లీ తీయలేంగా!

అన్నట్టు, స్టార్టు బటన్ సంగతి... కింద పట్టీ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో 'అలైన్‌మెంట్'ని 'లెఫ్ట్'కి మార్చండి. మళ్లీ ఎడమవైపు మూలకి వచ్చేస్తుంది... పెద్దాయన చెయ్యి వెతుక్కునే చోటికే!