చెప్పుకోలేని నెలల బాధలు

గర్భవతికి వేవిళ్లు పట్టాయంటే తెలుగింట అది దాచుకునే సంగతి కాదు. ఏ పులుపు మీదికి మనసు పోతోందో ఇరుగుపొరుగువారు కూడా అడిగి తెలుసుకుంటారు, నెలలు నిండుతుంటే సీమంతానికి గాజులు తెస్తారు. అదే గర్భం తెచ్చిపెట్టే మొలలు, తెల్లబట్ట, తుమ్మితే జారే మూత్రం మాత్రం తల్లితో కూడా చెప్పుకోలేని విషయాలుగా మిగిలిపోతాయి. ధైర్యం చేసి చెప్పినా, కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అన్న జవాబు వస్తుంది. అది చాలావరకు నిజమే గాని, మామూలు కానిదాన్ని సైతం కప్పివేయగల మాట కావడమే దానితో వచ్చిన చిక్కు.

ఈ మార్పుల్లో సగానికి మూలం ప్రొజెస్టరాన్, అంటే నెలలు నిండకముందే గర్భసంచి బిగుసుకోకుండా దాని కండరాన్ని సడలించి ఉంచే హార్మోను. దాని పని గర్భసంచితో ఆగదు. పేగుల కండరాలూ రక్తనాళాల గోడలూ కూడా సడలుతాయి కనుక తిన్నది నెమ్మదిగా కదిలి, అందులోని నీటిని పేగు ఎక్కువగా పీల్చుకుని, మలబద్ధకమూ గ్యాసూ మొదలవుతాయి. ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరగడమూ, మామూలుగా 70 గ్రాములుండే గర్భసంచి చివరి నెలకు కిలో బరువుకు చేరి కింది సిరలను నొక్కడమూ ఇందుకు తోడైతే, మలద్వారం దగ్గరి సిరలు ఉబ్బి మొలలవుతాయి. కాళ్లలోనూ, ఒక్కోసారి జననాంగం దగ్గర కూడా ఇలాగే సిరలు ఉబ్బుతాయని ముందే తెలియనివారు వాటిని ఏదో కంతి అనుకుని హడలిపోతారు.

ప్రభుత్వం గర్భిణులకు రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఇచ్చే ఐరన్ మాత్ర మలబద్ధకాన్ని కొంత పెంచుతుంది, ఒంటికి పట్టని ఇనుము వల్ల మలం నల్లబడుతుంది. ఆ రంగు చూసి జడిసి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేయడం వల్ల రక్తహీనత ముదురుతుంది గనుక, మానేముందు అడగడం మంచిది. డాక్టరు మోతాదో మందో మార్చగలరు. నీళ్లు ఎక్కువగా తాగడం, ఆకుకూరలు, పీచున్న పండ్లు, మరుగుదొడ్డిలో ముక్కకుండా ఉండటం, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చోవడం మొలలకు ఉపశమనమిస్తాయి. రక్తం పడితే మాత్రం అది మొలలదేనని ఇంట్లోనే తీర్మానించుకోకూడదు.

తెల్లబట్ట విషయంలో భయం ఇంకా లోతైనది, ఎందుకంటే దానితో ఒంట్లోని బలమంతా పోతుందన్న నమ్మకం తరాలుగా ఉంది. నిజానికి ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోను పెరగడం వల్ల పల్చగా, తెల్లగా, దుర్వాసన లేకుండా అయ్యే ఈ స్రావం బలాన్ని తీసుకుపోయేది కాదు. అది విరిగిన పెరుగులా మారి దురద పెట్టినా, పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరిగినా, వాసన వేసినా ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి గర్భిణులు వాడదగిన మందులున్నాయి.

దగ్గినా నవ్వినా మూత్రం జారడానికి కారణం మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింది నుంచి మోసే కండరాలపై బరువు పెరగడమే. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగిసే ఆ కండరాలను రోజూ కొన్నిసార్లు బిగించి వదలడమనే వ్యాయామం, 1948లో దాని గురించి రాసిన అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరుతోనే చలామణీలో ఉంది. సిగ్గు ప్రమాదమయ్యే చోటు కూడా ఇదే: మూత్రమనుకుని దాచిన తడి ఉమ్మనీరు కావచ్చు. ఆపుకుందామన్నా ఆగకుండా కారుతూ, మూత్రం వాసన లేకుండా ఉంటే ఏ నెలలోనైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

బొడ్డు కింద నల్లగీత, ముఖాన మంగు, పొట్ట మీద చారలు బయటికి కనిపిస్తాయి కాబట్టి వాటి మీద వ్యాపారమూ ఎక్కువే. గీత, మంగు కాన్పు తర్వాత చాలామందిలో తగ్గుతాయి, చారలు పాలిపోతాయే గాని పూర్తిగా పోవు, వాటిని రాకుండా ఆపుతుందని రుజువైన క్రీము లేదు. గీతను బట్టి ఆడో మగో చెప్పడం కాలక్షేపానికే పనికొస్తుంది.

చర్మం సాగి పొట్ట దురదపెట్టడం వేరు, దద్దుర్లు లేకుండా అరచేతులూ అరికాళ్లూ, ముఖ్యంగా రాత్రిపూట, దురదపెట్టడం వేరు. రెండోది కాలేయం నుంచి పిత్తరసం సరిగా పారక అది రక్తంలో చేరడం వల్ల కావచ్చు, అది బిడ్డకు ముప్పు తేగలదు గనుక రక్తపరీక్ష అవసరం. అలాగే సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే అయినా, 20 వారాలు దాటాక ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పీ చూపు మసకబారడమూ తోడైతే అది గుర్రపువాతానికి, అంటే రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే స్థితికి, ముందు హెచ్చరిక కావచ్చు. ఆ సూచనలతో తెల్లవారేదాకా కూడా ఆగకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. అక్కడి రద్దీలో, పక్కన అత్తగారో భర్తో ఉండగా, ఈ సంగతులు నోట రాకపోవడం సహజం. వెంట వచ్చినవారిని కాసేపు బయట ఉండమనడం గర్భిణి హక్కు. అది కుదరకపోతే ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ముందే చెప్పి ఉంచవచ్చు. ఎప్పటినుంచి, ఎంత, ఏ రంగు, ఏ వాసన అన్నవి ఇంట్లో వాడే మాటలతోనే చీటీ మీద రాసి ఇచ్చినా డాక్టరుకు అర్థమవుతుంది.