పరాన్నజీవిలో పరాన్నజీవి

ఇతర ప్రాణుల దేహంలో నివసిస్తూ వాటి ఆహారంపై ఆధారపడే జీవిని పరాన్నజీవి అంటారని మనం జంతుశాస్త్రంలో చదువుకొన్నాము. ఆ పరాన్నజీవి దేహంలోనే వేరొక పరాన్నజీవి కాపురముండవచ్చునన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఇందుకు చక్కని నిదర్శనం అమెరికా తూర్పు తీరపు నీలి పీత.

చెసాపీక్ అఖాతం వంటి తీరప్రాంతాలలో ఈ పీత వేలాది బెస్తవారికి జీవనాధారం. ఒక్కొక్కప్పుడు దాని కండలో మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలు కనిపిస్తాయి. అటువంటి వాటిని అక్కడివారు ‘మిరియాల పీతలు’ అంటారు. రోగమేమోనని కొనేవారు వెనుకాడతారు. బెస్తవాని శ్రమ వృథా అవుతుంది.

ఆ చుక్కల పుట్టుక విచిత్రమైనది. ట్రెమటోడ్ తరగతికి చెందిన ఒక చదును పురుగు తన బాల్యాన్ని నత్తలో గడుపుతుంది. అక్కడినుండి వెలువడిన డింభకం పీతలో చొరబడి, తన చుట్టూ కోశం నిర్మించుకొని, మెటాసెర్కేరియా అనే దశలో వేచి ఉంటుంది. రకూన్ వంటి జంతువు ఆ పీతను తిన్నప్పుడు దాని పేగులో పురుగు ప్రౌఢదశకు చేరుతుంది. పీతలోని కోశం అతిసూక్ష్మం గనుక సాధారణంగా మన కంటికి ఆనదు.

ఈ మెటాసెర్కేరియాలో యూరోస్పోరిడియమ్ క్రెసెన్స్ అనే ఏకకణజీవి ప్రవేశించి విపరీతంగా వృద్ధి చెందుతుంది. డి టర్క్ అనే శాస్త్రజ్ఞుడు 1940లో దీనిని వర్ణించాడు. పురుగు ఉబ్బిపోతుంది, లోపల నిండిన సిద్ధబీజాలు పక్వమై ముదురు గోధుమవన్నె దాలుస్తాయి. మనకు కనిపించే నల్లచుక్క అదే. అనగా అది పీత రోగం కాదు, పీతను ఆశ్రయించిన పురుగుకు వచ్చిన రోగం! ఈ ఏకకణజీవి మనుష్యులకు సోకదు. బాగా ఉడికించిన పీతను నిర్భయంగా తినవచ్చును.

అయితే హాప్లోస్పోరిడియా అనబడే ఈ వర్గమంతా ఇట్టిదే అనుకోరాదు. దీని జ్ఞాతియైన హాప్లోస్పోరిడియమ్ నెల్సోని నేరుగా ఆల్చిప్పకే సోకుతుంది. 1957లో డెలవేర్ అఖాతంలోను, 1959లో చెసాపీక్‌లోను బయటపడి, అది అపారమైన ఆల్చిప్పల సంపదను నాశనం చేసింది. అదికూడ మనుష్యులకు సోకదు; కాని ఆల్చిప్పలపై బ్రతికే కుటుంబాలు మాత్రం తీవ్రంగా నష్టపోయాయి.

ఒకే వర్గపు జీవులలో ఒకటి పురుగును పీడిస్తే, మరొకటి ఆల్చిప్పను హతమారుస్తున్నది. కాబట్టి పైకి కనిపించే మచ్చను బట్టి తీర్పు చెప్పరాదు. ఏ జీవి ఏ జీవిలో ఉన్నదో సూక్ష్మదర్శినితో తేల్చుకొన్న పిమ్మటనే సరకును పారవేయవలెనా, అమ్మవలెనా అన్నది నిర్ణయించవలెను. ప్రయోగశాలలో మనం నేర్చే ఈ పరిశీలనకు ఒక బెస్తవాని నాటి సంపాదనను కాపాడగల శక్తి ఉన్నదని విద్యార్థి మిత్రులు గుర్తింతురు గాక.